నవోమి ఇంజన్‌లో బంగారం

నవోమి చచ్చిపోయినవాళ్ల బంగారు పళ్లు కరిగించి విమానం ఇంజన్‌లో పోస్తుందని అమీర్‌పేటలో ఒక గల్లీ మొత్తం చెప్పుకునేది. ముందు ఎవరన్నారని అడిగితే ప్రతివాళ్లూ పక్కవాళ్లను చూపిస్తారు గానీ, ఆ మాట పుట్టింది మాత్రం రుద్రమ్మ వంటగదిలోనే. రుద్రమ్మ ఆ బిల్డింగు కింది అంతస్తులో ఉన్న లేడీస్ హాస్టల్‌కి వంట చేస్తుంది. ఒకరోజు తడిబట్టలు ఆరేయడానికి డాబా మీదికి పోతే, పిట్టగోడ మీద ప్లాస్టర్ దవడలు వరసగా ఎండుతున్నాయి. వాటి పక్కనే మూడో అంతస్తు నవోమి కూచుని, పిడికిట్లో పట్టేంత ఇంజన్‌ని విప్పి ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. లోపల పచ్చగా ఏదో తళుక్కుమంది. రుద్రమ్మకి అంత చాలు.

"నా కండ్లతోని చూసిన బిడ్డా," అని మర్నాడు హాస్టల్ పిల్లలకి ఉప్మా వడ్డిస్తూ మొదలుపెట్టింది. "గా దవడలు ఎవరియి? బతికున్నోళ్లయి అయితే ఇంట్లెందుకుంటయి? పన్ను తీస్తది, కరగవెడ్తది, ఇంజన్ల పోస్తది. గందుకే గా ఇమానం గట్ల కూస్తది."

"మరి రెండు పళ్లు పోస్తే, ఆంటీ?" అంది కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న పిల్ల ఒకతి.

"రాకెట్ అయితది. తిను సల్లగైతది."

పిల్లలు నవ్వారు. నవ్వి, కోచింగ్ సెంటర్‌లో చెప్పారు. బట్టలు ఇచ్చేటప్పుడు ఇస్త్రీబండి ఆయనకి చెప్పారు. ఆయన ఎవరెవరికి చెప్పాడో ఆయనకే తెలియదు.

నవోమి చెవిన కూడా పడింది. అసలే తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడవలసి వస్తే ఎదుటివాళ్ల నోటి వైపు చూస్తుంది, కళ్లలోకి చూడదు. అది సిగ్గు వల్లనే కాదు, పనివల్ల కూడా. పంజాగుట్టలో ఒక మందుల షాపు పైన ఉన్న ఇరుకు గదిలో కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్ ఉంది. డాక్టర్లు నోటి కొలతలు తీసి పంపిస్తారు. ఆ కొలతల్లో ప్లాస్టర్ పోసి, దవడ తీసి, దాని మీద మైనంతో చిగురు కట్టి, పళ్లు కూర్చి సెట్టు చేసేది నవోమి. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మానేసి, అదే ల్యాబ్‌లో ప్లాస్టర్ గిన్నెలు కడగడానికి చేరింది. గిన్నెలు కడుగుతూ పక్కనవాళ్ల చేతులు చూసింది. చూసి చూసి ఒకరోజు తన చేతులు కూడా అట్లాగే కదిలాయి. ఇప్పుడు అమీర్‌పేట నుంచి మెట్రో స్తంభాల నీడలో నడిచి పోయి ఆ గది తాళం తీసేది ఆమే.

డాబా మీద ఎండేవి ఆ దవడలే. వానాకాలంలో ల్యాబ్‌లో చెమ్మ ఆరదు. అందుకని ఇంటికి తెచ్చుకుంటుంది. వాటి సొంతదారులందరూ బతికే ఉన్నారు, పళ్ల కోసం డాక్టర్లకి ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

ఇంజన్ గొడవ ఆమె భర్త దయారత్నంది. దయారత్నం సిటీ బస్సు కండక్టరు. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో చేత్తో మోసుకుపోయేంత చిన్న తీగల విమానం ఎగరేయడం నేర్చుకున్నాడు. విమానం రెక్కకి రెండు సన్నటి ఉక్కు తీగలు కట్టి, వాటి చివర ఒక పిడి పెడతారు. పిడి పట్టుకున్నవాడు మైదానం మధ్యలో నిలబడితే విమానం అతని చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. దానితో పాటు అతనూ తిరగాలి. చాలామందికి నాలుగు చుట్లకే కళ్లు తిరుగుతాయి. దయారత్నానికి తిరగవు.

"బస్సుల నిలవడి చిల్లర లెక్కవెట్టినోన్ని, నాకు తల తిరుగుడేంది," అంటాడు.

పెళ్లయిన కొత్తలో అతను కొన్న ఇంజన్ ఒకటి ఎంత తిప్పినా అంటుకునేది కాదు. అతను విసిగి మంచం కిందికి తోసేస్తే, నవోమి తీసి విప్పింది. ఇంజన్లంటే ఆమెకేమీ తెలియదు. లోపల ఉక్కు గొట్టం, అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్, గొట్టం గోడలకి గాలి వచ్చిపోయే కిటికీలు. ఆ కిటికీల అంచు మీద అలవాటుగా దూది పీచు లాగింది. సెట్టు తయారయ్యాక ల్యాబ్‌లో చేసే పని అదే. చిగురు మీద దూదిని మెల్లగా లాగితే, ఎక్కడ గరుకుంటే అక్కడ పీచు పట్టుకుంటుంది. అక్కడే నోరు పుండవుతుంది. ఇంజన్ కిటికీల అంచున దూది అన్నిచోట్లా పట్టుకుంది.

"ఇది ఎవరి నోట్లనన్న వెడ్తే తిడ్తరు," అంది నవోమి. దాన్ని నున్నగా తీసింది. ఇంజన్ అంటుకుంది. అప్పటినుంచి ఇంజన్ ఆమెది, విమానం అతనిది.

యూసుఫ్‌గూడలో ఒక స్కూలు గ్రౌండ్‌లో ఆదివారాలు మధ్యాహ్నం తీగల విమానాలవాళ్లు కలుస్తారు. ఏడాదికోసారి పోటీ పెడతారు. చెప్పినన్ని చుట్లు ఎవరి విమానం ముందు ముగిస్తే వాళ్లు గెలిచినట్టు. బాలానగర్‌లో మిషన్ల కంపెనీలో చేసి రిటైరైన అచ్యుతరావు గారు జడ్జి. రూల్సు ఆయన పెట్టినవే. అందరూ ఒకే రకం ఇంజన్ కొనాలి. అందరూ ఆయన తెచ్చిన డబ్బాలోని ఇంధనమే పోసుకోవాలి, అంటే స్పిరిట్‌లో ఆముదం కలిపినది. ఇంజన్‌లోంచి లోహం ఎంతైనా తీసుకోవచ్చు. గోరంత కూడా కలపకూడదు. గెలిచినవాళ్ల ఇంజన్ని తెల్లగుడ్డ మీద విప్పి అందరికీ చూపించాలి. ఎవరికైనా అనుమానం వస్తే చివరి పందెం కంటే ముందే విప్పమని అడగొచ్చు, విప్పాల్సింది సొంతదారే.

తియ్యొచ్చు, కలపకూడదు అన్న రూలు నవోమికి అలవాటవడానికి చాలాకాలం పట్టింది. సెట్టు పనిలో ఎక్కువ గీకితే మళ్లీ మైనం పెట్టుకోవచ్చు. ఇంజన్‌లో పోయింది పోయిందే. ల్యాబ్ అలవాటు కొద్దీ ఇంకొంచెం, ఇంకొంచెం అని గీకి పాడుచేసిన ఇంజన్ ఒకటి వాళ్లింట్లో కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం ఉంది. ఆ తర్వాత ఆమె నేర్చుకున్నది ఒకటే. చెయ్యి ఇంకా కావాలన్నప్పుడు పనిముట్టు కింద పెట్టాలి. పెట్టి, లేచిపోయి, అన్నం వండుకోవాలి. తెల్లారి చూస్తే చాలాసార్లు ఆ పని అయిపోయే ఉంటుంది.

కొత్త ఇంజన్ని మచ్చిక చేయడానికి డాబా మీద చెక్కకి బిగించి తిప్పేది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకే తిప్పేది. అప్పుడు రోడ్డు మీద హారన్ల మోతలో ఆ కూత ఎవరినీ అంతగా ఇబ్బంది పెట్టదు. కాసేపు తిప్పడం, చల్లారనివ్వడం, మళ్లీ కాసేపు. తొందరపడదు. దయారత్నమే తొందరపడతాడు.

"ఇంక చాలదా నవోమీ?"

"దానికి తెలుస్తది. మనకెందుకు?"

ఇన్నేళ్లలో వాళ్లు ఒక్కసారి కూడా గెలవలేదు. మూడో స్థానం, నాలుగో స్థానం. యూసుఫ్‌గూడలో మోటార్ వైండింగ్ షాపు ఉన్న రాజనర్సయ్యే ఎక్కువగా గెలిచేవాడు. ప్రతిసారీ అతని ఇంజన్ తెల్లగుడ్డ మీద విప్పుతుంటే నవోమి వెనక నిలబడి చూసేది. కప్పు గురించి ఆమెకి పట్టింపు లేదు. ఆమె చేసిన పళ్లు ఎవరివో నోళ్లలోకి పోయి అక్కడే ఉండిపోతాయి. అన్నం నములుతాయి, అంతే. ఆ పనిని మళ్లీ ఎవరూ చూడరు. ఒక్కసారి తన ఇంజన్ ఆ తెల్లగుడ్డ మీద పడాలని, తెలిసినవాళ్లు వంగి లోపలికి చూడాలని ఆమెకుండేది. ఇది దయారత్నానికి కూడా చెప్పలేదు.

ఈ ఏడు ఇంజన్ బాగా కుదిరింది. పోటీ రోజు చర్చి అయ్యాక బగారన్నం తిని, విమానం ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోయారు. మొదటి పందేల్లో దయారత్నం అందరికంటే ముందున్నాడు. రాజనర్సయ్య అతని వెనకే ఉన్నాడు. చివరికి ఈ ఇద్దరూ మిగిలారు. తెల్లగుడ్డ అచ్యుతరావు గారి కుర్చీ మీద మడతపెట్టి ఉంది. నవోమి దానివైపు చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

అప్పుడు రాజనర్సయ్య చెయ్యెత్తాడు.

"సార్, జర ఆగుండ్రి. వదిన ఇంజన్ ఇప్పి చూడాలె."

"ఏంటి సంగతి?" అన్నారు అచ్యుతరావు గారు.

"అండ్ల బంగారం పోసిందంటుండ్రు."

మైదానంలో సగంమంది నవ్వారు. దయారత్నం నవ్వలేదు. "ఎవరన్నరే గీ మాట?"

"మా ఇస్త్రీబండాయన. ఆయన మీ గల్లీలనే తిరుగుతడు. ఆయనకు హాస్టల్ పిల్లలు చెప్పిండ్రట, పిల్లలకు మీ కింద వంటామె చెప్పిందట."

"రాజన్నా, మా ఇంట్ల బంగారముంటే ఈ ఎండల నీ మొకం చూసుకుంట నిలవడుదునా?"

"నేను ఉన్నదంటలేనన్న. చూడాలంటున్న. మొదటి పందెంల నీ ఇమానం కూత విన్నవా? నా చెవులు గుయ్యిమన్నయి. ఏమో ఉన్నది."

అచ్యుతరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నవ్వులాట కాదండీ. లోహం కలిపారని ఒకరు అన్నాక చూడకుండా వదిలేస్తే ఆ రూలెందుకు? నవోమి గారూ, ఇది నా ఇష్టం కాదు, మీ ఇష్టమూ కాదు. విప్పండి."

తెల్లగుడ్డ పరిచారు. ఇన్నేళ్లూ కోరుకున్న గుడ్డే. కానీ గెలిచినవాళ్ల ఇంజన్‌గా కాదు, దొంగ ఇంజన్‌గా దాని మీదికి పోవాల్సి వచ్చింది. అందరూ తననే చూస్తున్నారని నవోమికి మెడ వెనక తెలుస్తోంది. ఇందులో ఏమైనా తేడా కనిపిస్తే ఇక ఈ గ్రౌండుకి రావడానికి మొహం ఉండదు. వీళ్ల ముందు తలెత్తుకునే వీలుండదు. ఏ తేడా లేదని ఆమెకి తెలుసు.

సంచిలోంచి నీలం ముద్ద డబ్బా తీసింది. ల్యాబ్‌లో కొలతలకి వాడే ముద్ద అది. రెండు రకాలు కలిపి పిసికితే కాసేపటికి రబ్బరులా గట్టిపడుతుంది. దాన్ని ఇంజన్ పక్కకి, మూతకీ కింది భాగానికీ కలిపి ఒత్తింది. ల్యాబ్‌లో ఏదైనా ఊడదీసే ముందు అట్లా గుర్తు అచ్చు తీసుకోవడం రివాజు. అచ్చు ఉంటే మళ్లీ ఎక్కడిది అక్కడే కూచుంటుంది, వెంట్రుకవాసి జరగదు.

ముద్ద ఆరేదాకా అందరూ నిలబడ్డారు.

"ఏం వదినా, ఇంజన్‌కు పండ్లు కడుతున్నవా?" అన్నాడు రాజనర్సయ్య.

"నోరు తెరిపించినవ్ గద, కొలత తీసుకోవద్దా?" అంది నవోమి. అన్నాక ఆమెకే ఆశ్చర్యమైంది. దయారత్నం మీసాల్లో నవ్వుకున్నాడు.

అచ్చు తీసి పక్కన పెట్టి, స్క్రూలు ఒక్కొక్కటీ కొంచెం కొంచెం వదులు చేస్తూ మూత తీసింది. గొట్టానికి ఇంకో అచ్చు తీసుకుని, గొట్టాన్ని మెల్లగా పైకి లాగింది. పిస్టన్ బయటపడింది.

పచ్చగా, తళతళా మెరిసింది.

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. రాజనర్సయ్య రెండడుగులు ముందుకొచ్చాడు. ఆముదం కాలితే లోపల రంగు పడుతుందని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కానీ వాళ్ల ఇంజన్లలో పడేవి మరకలు, ఒకచోట నలుపు, ఒకచోట గోధుమరంగు. ఇది మరక కాదు. చుట్టూ ఒకటే పూత, బంగారు రేకు అంటించినట్టు. ఆ మాట ఉత్తదేనని పొద్దున్నదాకా నమ్మిన రాజనర్సయ్య ఇప్పుడు నిజంగానే తికమకపడ్డాడు.

"సార్, గిదేంది మరి?"

"ఆముదమే," అంది నవోమి నెమ్మదిగా.

"గీకి చూస్తే తెలుస్తుంది," అన్నారు అచ్యుతరావు గారు. "పిస్టన్ పైన కాదమ్మా, పక్కన. మెరుపు అక్కడే ఉంది."

నవోమి ఒక క్షణం ఆగింది. పైన గీకితే నష్టం లేదు. పక్కన ఉన్న ఆ పూతే గొట్టానికీ పిస్టన్‌కీ మధ్య మిగిలిన సందుని నింపుతుంది. సాయంత్రాలు కాసేపు కాసేపు తిప్పి, చల్లార్చి, మళ్లీ తిప్పి ఆమె సంపాదించింది అదే. గీకితే చివరి పందెంలో ఆ మేరకు బలం పోతుంది. ఆ సంగతి చెప్పి పైనే గీకుతానంటే అచ్యుతరావు గారు వింటారేమో. కానీ వినేవాళ్లలో కొందరు ఇంటికి పోతూ, పక్కన ఎందుకు గీకనియ్యలేదో అనుకుంటారు.

వెదురు పుల్ల తీసి, పక్కనే సన్నటి చార గీకింది. పొరలు గోరు మీద పడ్డాయి. అచ్యుతరావు గారు ఇంధనం డబ్బాకి దూరంగా పోయి, వాటిని బ్లేడు మొన మీద పెట్టి అగ్గిపుల్ల గీశారు. పొరలు ముడుచుకుని పొగ వచ్చింది. మాడిన ఆముదం వాసన.

"బంగారం కాలదు," అన్నారాయన. "లోహమేమీ కలపలేదు. ఇంజన్ సరైనదే. అందరూ విన్నారుగా?"

విన్నారు. అయినా ఎవరూ వెనక్కి పోలేదు. రాజనర్సయ్య గుడ్డ ముందు మోకాళ్ల మీద కూచుని, గొట్టాన్ని ఎండకి పట్టుకుని కిటికీల్లోంచి చూస్తున్నాడు.

"వదినా, గీ అంచు దేంతోని తీసినవ్?"

"పండ్లు నున్నగ చేసే రబ్బరు చక్రంతోని."

"ఎంత తీసినవో ఎట్ల ఎరుకైతది?"

నవోమి దూది పీచు తుంచి ఇచ్చింది. అతను అంచు మీద లాగాడు. ఎక్కడా పట్టుకోలేదు. ఇంకో అంచు, ఇంకోటి. పక్కవాళ్లు తామూ లాగి చూస్తామన్నారు. గొట్టం చేతులు మారింది. ఒకరు మూత చూశారు, ఒకరు పిస్టన్ చూశారు. కిటికీ కింది అంచు ఎందుకు వంపుగా ఉందని అడిగారు. నిటారుగా ఉంటే పిస్టన్ అంచు కొట్టుకుంటుందని, సెట్టులో కూడా నాలుక వైపు అట్లాగే వంపు తీస్తారని ఆమె చెప్పింది. ఇంకొకరు అడిగారు, చెప్పింది. ఇన్నేళ్లలో ఆ గ్రౌండులో మాట్లాడిన మాటలన్నీ కలిపినా అన్ని అయ్యుండవు. మాట్లాడుతున్నది తనేనని మధ్యలో ఒకసారి గుర్తొచ్చి ఆగబోయింది గానీ, అప్పటికే ఇంకెవరో ఇంకేదో అడిగారు.

"నా దాని మీద లాగితే గొర్రె బొచ్చు కంపకు పట్టుకున్నట్టు పట్టుకుంటది," అన్నాడు రాజనర్సయ్య లేస్తూ. "మాఫ్ చెయ్యి వదినా."

"నువ్వు అడగకుంటె వీళ్లు చూడకపోదురు," అంది నవోమి.

అచ్చులు పెట్టుకుని గొట్టం, మూత యథాస్థానంలో బిగించింది. దయారత్నం పిడి అందుకున్నాడు. విమానం లేచింది. మొదటి చుట్లలో కూత ఎప్పటిలాగే ఉంది. ఇంజన్ బాగా వేడెక్కాక, చివరి చుట్లలో, ఆ కూత కాస్త బొంగురుపోయింది. మిగతావాళ్లకి తెలిసిందో లేదో, నవోమికి మాత్రం ఆ గీత ఎక్కడుందో చెవితోనే తెలిసింది. రాజనర్సయ్య విమానం కొద్దిలో ముందు ముగించింది.

గెలిచినవాళ్ల ఇంజన్ విప్పాలి కాబట్టి రాజనర్సయ్య తనది తెల్లగుడ్డ మీద విప్పాడు. పిస్టన్ మీద అక్కడక్కడా పచ్చటి మరకలు మెరిశాయి.

దయారత్నం వంగి చూసి, "రాజన్నా, ఇది ఎవరి పన్ను?" అన్నాడు.

రాజనర్సయ్యే అందరికంటే ఎక్కువ నవ్వాడు. పోయేముందు పాత ఇంజన్ ఒకటి కాగితంలో చుట్టి నవోమి చేతిలో పెట్టి, తీరికున్నప్పుడు దాని మీద దూది లాగి చూడమన్నాడు.

ఆటోలో ఇంటికి వస్తూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దయారత్నం, "పైన గీకుతనంటే సార్ ఒప్పుకుంటుండె గద," అన్నాడు.

"ఒప్పుకుంటుండె."

"గెలుస్తుంటిమి."

"ఆ పూత నెల తిప్పితే మళ్ల వస్తది," అంది నవోమి. గ్రీన్ సిగ్నల్ పడింది. ఒళ్లో ఉన్న విమానం రెక్క మీద చెయ్యి వేసి, ఆమె ఫ్లైఓవర్ కింద కదిలే బండ్లని చూస్తూ కూచుంది. ఆ పూట ఆమెకి ఇంకేమీ అక్కరలేదనిపించింది.

గల్లీలో కథ ఆగలేదు. ఇంజన్ విప్పించారని, బంగారం దొరకలేదని తెలిసి రుద్రమ్మ ఏమాత్రం తగ్గలేదు.

"దొరుకుతదా? పోటీ అని తెల్సి ముందే తీసి దాస్తది గని," అని హాస్టల్ పిల్లలకి చెప్పింది. ఆ సాయంత్రమే గిన్నెలో చింతచిగురు పప్పు తీసుకుని మూడో అంతస్తు ఎక్కి, "అక్కా, నా దవడపన్ను ఒకటి కదులుతుంది, జర చూస్తవా?" అని నోరు తెరిచింది.

నవోమి చూసింది. డాక్టర్ దగ్గరికి పొమ్మని చెప్పి, మంచి డాక్టర్ ఎక్కడుంటాడో కూడా చెప్పింది. పప్పు తీసుకుంది. రుద్రమ్మ కళ్లు అల్మారా మీద ఉన్న పోటీ ఇంజన్ మీదే ఉన్నాయి. చేతికిస్తే బరువు చూస్తున్నట్టు అరచేతిలో ఆడించి, "బరువే ఉన్నది," అంది.

కొత్తగా పెట్టెలోంచి తీసిన రోజు నవోమి ఆ ఇంజన్ని ల్యాబ్‌లో ప్లాస్టర్ తూచే కాటా మీద పెట్టి చూసింది. పోటీ అయిన మర్నాడు మళ్లీ పెట్టింది. అది కొన్నప్పటికంటే తేలికగా ఉంది.